అర్పా తీరాన రైలు పట్టణం: బిలాస్‌పూర్‌లో తీరిగ్గా నడవదగిన దారులు

బిలాస్‌పూర్ (ఛత్తీస్‌గఢ్): హౌరా–ముంబై ప్రధాన రైలు మార్గంలో ప్రయాణించే తెలుగువారికి బిలాస్‌పూర్ చిరపరిచితమైన పేరు. అయితే వారిలో చాలామందికి ఈ ఊరంటే పొడవైన ప్లాట్‌ఫారం, కాసేపు రైలు ఆగే చోటు మాత్రమే. స్టేషన్ బయటికి వచ్చి సుమారు మూడు కిలోమీటర్లు నడిస్తే పాత బజార్లు, వాటిని దాటితే అర్పా నది ఒడ్డు వస్తాయి. ఈ నగరానికి ఉపాధినిచ్చింది రైలు, ఇది వెలసింది నది ఒడ్డున. ఈ రెండింటి మధ్య దూరాన్ని కాలినడకన చూడటమే బిలాస్‌పూర్‌ను తెలుసుకునేందుకు అనువైన మార్గం. అయితే ఏడాదిలో సగం కాలం ఈ నదిలో నీటికన్నా ఇసుకే ఎక్కువగా కనిపిస్తుంది. కనుక ఇక్కడి దృశ్యాలను ఏ కాలంలో, ఎక్కడి నుంచి చూడాలో ముందే తెలుసుకోవడం అవసరం.

నగరం నేపథ్యం

రాయ్‌పూర్‌కు ఈశాన్యంగా సుమారు 110 కిలోమీటర్ల దూరంలో ఉన్న బిలాస్‌పూర్ ఛత్తీస్‌గఢ్‌లోని ప్రధాన నగరాలలో ఒకటి. 2000 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని రాయ్‌పూర్‌కు దక్కగా, హైకోర్టు బిలాస్‌పూర్‌కు వచ్చింది. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం, సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ లిమిటెడ్ ప్రధాన కార్యాలయం కూడా ఇక్కడే ఉన్నాయి. నగరానికి సమీపంలోని సీపత్ వద్ద ఎన్టీపీసీకి చెందిన 2,980 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది.

ఊరి పేరుకు మూలం బిలాసా అనే కేవట్ మహిళ అని స్థానికుల విశ్వాసం. కేవట్లు అంటే పడవలు నడుపుతూ చేపలు పట్టి జీవించేవారు. అర్పా ఒడ్డున వారు ఏర్పరచుకున్న పల్లెయే క్రమంగా పట్టణంగా ఎదిగిందని జనశ్రుతి చెబుతుంది. చకర్‌భాఠా వద్ద 2021లో ప్రయాణికుల విమానాలు మొదలైన విమానాశ్రయానికి కూడా బిలాసాదేవి కేవట్ పేరే పెట్టారు. రైల్వే నగరంగా పేరొందిన ఈ ఊరు మొదట పడవలవారి రేవు అన్న సంగతిని ఆ పేరు ఇప్పటికీ గుర్తుచేస్తోంది.

రైలు రాకతో వచ్చిన మార్పు

నాగ్‌పూర్ నుంచి రాజ్‌నంద్‌గావ్ వరకు 1880లో నాగ్‌పూర్ ఛత్తీస్‌గఢ్ రైల్వే పేరిట మీటర్‌గేజ్ మార్గం ఏర్పడింది. 1887లో స్థాపితమైన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఆ మార్గాన్ని స్వాధీనం చేసుకొని బ్రాడ్‌గేజ్‌గా మార్చింది. ఆపై దానిని బిలాస్‌పూర్ మీదుగా తూర్పునకు పొడిగించి 1891లో ఆసన్‌సోల్‌కు చేర్చింది. ఆ కాలంలోనే ఉమరియా బొగ్గు గనుల మీదుగా కట్నీ వైపు వెళ్లే శాఖ కూడా ఇక్కడి నుంచి ఏర్పడటంతో బిలాస్‌పూర్ జంక్షన్ అయింది. 1900లో ఖరగ్‌పూర్ మీదుగా కోల్‌కతాకు నేరుగా దారి తెరుచుకుంది.

దేశ స్వాతంత్ర్యానంతరం 1955లో ఇది ఆగ్నేయ రైల్వేలో భాగమైంది. 2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్, రాయ్‌పూర్, నాగ్‌పూర్ డివిజన్లతో ఆగ్నేయ మధ్య రైల్వే పనిచేయడం ప్రారంభించింది. కోర్బా తదితర గనుల నుంచి వెళ్లే బొగ్గు కారణంగా సరకు రవాణాలో ఈ జోన్ దేశంలోని అగ్రశ్రేణి జోన్లలో నిలుస్తోంది.

మొదటి నడక: స్టేషన్, రైల్వే కాలనీలు

నడకను స్టేషన్ నుంచే ప్రారంభించవచ్చు. ఇక్కడి ప్లాట్‌ఫారం పొడవు 802 మీటర్లు. దేశంలోని అతి పొడవైన ప్లాట్‌ఫారాల జాబితాలో ఇది చాలాకాలంగా చోటు దక్కించుకుంటోంది. దీనిని ఒక కొస నుంచి మరో కొస వరకు నడిచి చూస్తే గాని ఆ పొడవు అనుభవంలోకి రాదు. తెల్లవారుజామున ఒకవైపు ప్రయాణికుల రైళ్లు, మరోవైపు నల్లని బొగ్గు వ్యాగన్ల వరుసలు కదులుతుంటాయి.

ఈ స్టేషన్‌కు సాహిత్యంలోనూ స్థానం ఉంది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1918లో వెలువరించిన ‘పలాతకా’ సంపుటిలోని ‘ఫాంకీ’ కవితలో ప్రధాన ఘట్టం బిలాస్‌పూర్ స్టేషన్‌లోనే జరుగుతుంది. అనారోగ్యంతో ఉన్న భార్య బిను గాలి మార్పు కోసం భర్తతో ప్రయాణిస్తూ రైలు మారేందుకు ఇక్కడ దిగుతుంది. కూలి భార్య రుక్మిణి తన కూతురి పెళ్లికి ఇరవై అయిదు రూపాయలు కావాలని ఆమెతో చెప్పుకొంటుంది. ఆ మొత్తం ఇవ్వమని బిను కోరినా భర్త రెండు రూపాయలు మాత్రమే ఇచ్చి, అడిగినంతా ఇచ్చినట్లు భార్యను నమ్మిస్తాడు. బిను మరణించాక పశ్చాత్తాపంతో అతడు బిలాస్‌పూర్‌కు తిరిగి వస్తాడు. అప్పటికే రుక్మిణి ఊరు విడిచి వెళ్లిపోయి ఉంటుంది. ఆ కవిత జ్ఞాపకంగా స్టేషన్‌లో ఫలకం ఏర్పాటు చేశారు. అమృత్ భారత్ స్టేషన్ల పథకం కింద స్టేషన్ రూపురేఖలు మారుతున్నందున బ్రిటిష్ కాలపు పాత కట్టడాన్ని చూడదలచినవారు ఆలస్యం చేయకపోవడం మంచిది.

స్టేషన్‌కు దగ్గరలోనే బుధవారీ బజార్ ఉంది. పేరును బట్టి బుధవారపు సంతగా మొదలైన ఈ బజారు ఇప్పుడు రోజూ నడుస్తోంది. అక్కడి నుంచి రైల్వే కాలనీల వైపు సాగితే నగరం స్వరూపమే మారిపోతుంది. పాత ఊరిలోని ఇరుకు సందులకు భిన్నంగా ఇక్కడ వెడల్పైన తిన్నని వీధులు, పెద్ద చెట్లు, ఒకే తీరుగా కట్టిన క్వార్టర్లు, అధికారుల బంగళాలు కనిపిస్తాయి. బారాఖోలీ (పన్నెండు గదులు), బంగ్లా యార్డ్, వైర్‌లెస్ కాలనీ, కన్‌స్ట్రక్షన్ కాలనీ వంటి పేర్లలో రైల్వే చరిత్ర కనిపిస్తుంది. ఎండ ముదరకముందు గంటసేపు నడవడానికి ఇంతకన్నా నీడ ఉన్న చోటు నగరంలో అరుదు.

తెలుగువారి అడుగుజాడలు

ఈ కాలనీలలో నడిచేవారికి తెలుగు మాట వినిపించడం ఆశ్చర్యం కాదు. తూర్పు తీర రైలు మార్గంలోని ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. విజయనగరం నుంచి పార్వతీపురం, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్‌కు మార్గం 1931లో పూర్తయింది. దీంతో ఉత్తరాంధ్ర, ఛత్తీస్‌గఢ్ ఒకే రైల్వే సంస్థ పరిధిలో నేరుగా కలిశాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలవారికి ఖరగ్‌పూర్ మాదిరిగానే బిలాస్‌పూర్ కూడా కొలువుల ఊరైంది. అలా వచ్చిన కుటుంబాలలో అనేకం ఉద్యోగ విరమణ తరువాత కూడా ఇక్కడే నిలిచిపోయాయి.

వేసవిలో వచ్చినవారు రైల్వే ప్రాంతంలో షోలాపురి మాత ఉత్సవాలను చూడవచ్చు. ఖరగ్‌పూర్ తదితర రైల్వే పట్టణాలలోని తెలుగువారి మధ్య కూడా ఈ అమ్మవారి ఆరాధన వేళ్లూనుకుంది. ఘటాల ఊరేగింపు, కుంకుమ పూజ, అన్నదానాలతో సాగే ఈ వేడుక స్వగ్రామాలలోని అమ్మవారి జాతరలను తలపిస్తుంది. ఇతర భాషలవారూ ఇందులో పాల్గొంటారు.

నగర ప్రజా జీవితంలోనూ తెలుగువారి ముద్ర ఉంది. తెలుగు మూలాలున్న కుటుంబంలో 1889లో జన్మించిన బారిస్టర్ ఇ.రాఘవేంద్రరావు బిలాస్‌పూర్ కేంద్రంగా రాజకీయాలలో ఎదిగారు. మధ్య పరగణాల ప్రభుత్వంలో మంత్రిగా పనిచేసిన ఆయన 1936లో కొంతకాలం తాత్కాలిక గవర్నరుగా వ్యవహరించారు. 1941లో వైస్రాయి కార్యనిర్వాహక మండలి సభ్యులయ్యారు. 1942లో కన్నుమూశారు. నగర మధ్యంలోని రాఘవేంద్రరావు సభా భవనం ఆయన స్మారకంగా నిలిచి ఉంది.

రెండో నడక: గోల్ బజార్ నుంచి శనిచరీ వరకు

రైల్వే ప్రాంతం నుంచి పాత ఊరి వైపు సాగితే సదర్ బజార్, గోల్ బజార్ వస్తాయి. వస్త్రాలు, బంగారం, మిఠాయిలు, ఇత్తడి సామాను దుకాణాలతో కిక్కిరిసిన ఈ వీధులలో కోసా పట్టు చీరలు ప్రత్యేక ఆకర్షణ. ఈ పట్టు నేతకు బిలాస్‌పూర్‌కు తూర్పున ఉన్న చాంపా ప్రసిద్ధి. ఉదయం వేళ అయితే అటుకుల ఉప్మాను పోలిన పోహా, దానితోపాటు వేడి జిలేబీ తినడం ఇక్కడివారి అలవాటు. బియ్యప్పిండితో వేసే పలుచని అట్టును చీలా అని, ఆవిరిపై ఉడికించే వంటకాన్ని ఫరా అని అంటారు. వరి ప్రధాన పంటగా గల ప్రాంతం కావడంతో ఇక్కడి వంటలు తెలుగువారి నాలుకకు కొత్తగా అనిపించవు.

గోల్ బజార్ దాటి నది వైపు దిగితే శనిచరీ బజార్. దీనిని శనిచరీ పడావ్ అని కూడా అంటారు. పడావ్ అంటే మజిలీ. నది ఒడ్డున బాటసారులు, వర్తకులు ఆగే చోటే తరువాత శనివారపు సంత అయింది. జాతీయోద్యమంలోనూ ఈ మైదానానికి చోటుంది. హిందీ కవి, పాత్రికేయుడు మాఖన్‌లాల్ చతుర్వేది 1921 మార్చిలో ఇక్కడ చేసిన ప్రసంగంపై బ్రిటిష్ ప్రభుత్వం రాజద్రోహ నేరం మోపింది. ఆయనను బిలాస్‌పూర్ జైలులో ఉంచింది. హిందీ పాఠ్యపుస్తకాల ద్వారా దేశమంతటికీ తెలిసిన ‘పుష్ప్ కీ అభిలాషా’ కవిత ఆ జైలులోనే రూపుదిద్దుకుంది. అస్పృశ్యతా నివారణ యాత్రలో భాగంగా 1933 నవంబరులో గాంధీజీ బిలాస్‌పూర్ వచ్చినప్పుడు సభ కూడా ఈ శనిచరీలోనే జరిగింది.

మూడో నడక: పచరీఘాట్, చప్టా, ఆవలి గట్టు

శనిచరీ పక్కనే జూనా బిలాస్‌పూర్, అంటే పాత బిలాస్‌పూర్ ఉంది. ఇళ్ల మధ్య నుంచి దిగే సందులు పచరీఘాట్‌కు చేరుస్తాయి. స్థానిక భాషలో పచరీ అంటే నీటిలోకి దిగే మెట్లు. నది మీదికి చూపు తెరుచుకునే మొదటి చోటు ఇదే. పాత ఊరు నదికి ఒక ఒడ్డున, సర్కండా, చాంటీడీహ్ ఆవలి ఒడ్డున ఉన్నాయి. ఉదయం పాత ఊరి గట్టున నిలిస్తే నదికి ఆవల సూర్యుడు పైకి వస్తాడు. సాయంత్రం ఆవలి గట్టుకు చేరితే అదే వెలుగు పాత ఊరి మిద్దెల వెనక దిగిపోతుంది. అందువల్ల ఉదయం ఇటు, సాయంత్రం అటు నడవడం ఉచితం.

నదిని దాటేందుకు శనిచరీ వద్ద తక్కువ ఎత్తులో కట్టిన చప్టా ఉంది. స్థానికులు దీనిని రపటా అంటారు. నీటికి చేరువగా నడవాలనుకునేవారికి ఇది అనువైనది. అయితే వానాకాలంలో వరద వచ్చినప్పుడు నీరు దీనిమీదుగా పారుతుంది కనుక అప్పుడు దాటేందుకు ప్రయత్నించరాదు. ఎగువన నెహ్రూ చౌక్ వైపు నుంచి సర్కండాకు వెళ్లే ఇందిరా సేతు పైనుంచి నది వంపు, రెండు గట్ల మీది ఊరు విశాలంగా కనిపిస్తాయి.

నాలుగో నడక: తోర్వా ఛఠ్ ఘాట్

దిగువన తోర్వా వద్ద అర్పా ఒడ్డున విశాలమైన ఛఠ్ ఘాట్ ఉంది. దీపావళి తరువాత ఆరో నాడు ఛఠ్ పండుగ. బిహార్, తూర్పు ఉత్తరప్రదేశ్‌ల నుంచి రైల్వే, బొగ్గు గనుల ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఆ సాయంత్రం అస్తమించే సూర్యునికి, మర్నాడు ఉదయించే సూర్యునికి అర్ఘ్యం ఇస్తాయి. అప్పుడు వేలాది జనంతో ఘాట్ నిండిపోతుంది. మిగిలిన రోజులలో ఇది ప్రశాంతంగా కూర్చోదగిన చోటు. కార్తికంలోనే, ఉత్థాన ఏకాదశి తరువాత, యాదవులు గవ్వలు కుట్టిన రంగుల దుస్తులు ధరించి చేతికర్రలతో చేసే రావుత్ నాచా బృందాలు నగరానికి తరలివస్తాయి. పండుగలు, నడకకు అనువైన వాతావరణం ఒకేసారి కోరుకునేవారికి ఈ మాసమే తగినది.

హౌరా వైపు సాగే రైళ్లు బిలాస్‌పూర్ వదలిన కొద్దిసేపటికే అర్పా వంతెన దాటుతాయి. రైలు, నది ఒకే చూపులో కలిసే చోటు అది. ఈ దృశ్యాన్ని రైలు కిటికీ నుంచే చూడాలి. పట్టాలపైన, రైలు వంతెనలపైన నడవడం ప్రాణాపాయమే కాక, రైల్వే చట్టంలోని 147వ సెక్షన్ కింద నేరం కూడా.

నది ఎందుకు ఎండుతోంది?

నవంబరు దాటాక వచ్చిన సందర్శకులకు వంతెనల కింద కనిపించేది ఎక్కువగా ఇసుక, పలుచని నీటి పాయలు. అర్పా పెండ్రా ప్రాంతంలో పుట్టి శివనాథ్‌లో కలుస్తుంది. శివనాథ్ మహానదిలో కలుస్తుంది. హిమాలయ నదుల వలె మంచు కరిగి వచ్చే నీరు దీనికి లేదు. వాన నీటిపైనే, వానలు వెలిశాక భూమి నుంచి ఊరే ఊటపైనే ఆధారపడుతుంది. పరీవాహక ప్రాంతంలో చెట్లు తగ్గితే వాన నీరు ఇంకకుండా వేగంగా పారిపోతుంది. గొట్టపు బావులు పెరిగితే ఊట తగ్గుతుంది. ఇసుకను పరిమితికి మించి తోడితే నీటిని పట్టి ఉంచే పొర పోతుంది. ఈ మూడు కారణాలూ అర్పా విషయంలో ఏకమయ్యాయి. వీటికి తోడు నగరపు నాలాల మురుగు కూడా నదిలోకే చేరుతోంది.

ఇసుక తవ్వకాల ఫలితం దృశ్యానికే పరిమితం కాలేదు. 2023 జూలైలో సేంద్రి గ్రామం వద్ద నదిలోని లోతైన గుంతలో మునిగి ముగ్గురు బాలికలు ప్రాణాలు కోల్పోయారు. అక్రమ తవ్వకాల వల్లే ఆ గుంత ఏర్పడిందని గ్రామస్థులు ఆరోపించారు. పైకి నిశ్చలంగా కనిపించే నీటి కింద లోతు ఎంతో తెలియదు కనుక సందర్శకులు కూడా ఘాట్లు కాని చోట నదిలోకి దిగరాదు. అర్పా సంరక్షణపై దాఖలైన వ్యాజ్యాలు హైకోర్టు ముందుకు పలుమార్లు వచ్చాయి.

ఏడాది పొడవునా నగరంలో నీరు నిలిపేందుకు శివ్‌ఘాట్, పచరీఘాట్‌ల వద్ద బ్యారేజీల నిర్మాణం చేపట్టారు. ఒడ్డు వెంబడి రహదారి, నడక మార్గాలు కూడా ఈ ప్రణాళికలో ఉన్నాయి. నీరు నిలిస్తే ఒడ్డు అందం పెరుగుతుంది, భూగర్భ జలాలకూ మేలు కలుగుతుంది. అయితే మురుగును శుద్ధి చేయకుండా నదిలోకి వదిలితే బ్యారేజీలో నిలిచేది అదే మురుగు. ఎగువన అడవి, ఊట, ఇసుక నిలవకపోతే గేట్లు మూసినా నింపడానికి నీరు ఉండదు. నది ఒడ్డున వెలసిన నగరమే తాగునీటి కోసం రతన్‌పూర్ సమీపంలోని ఖూటాఘాట్ జలాశయం నుంచి గొట్టాలు వేసుకోవలసి రావడం సమస్య తీవ్రతకు నిదర్శనం.

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2019లో రాష్ట్ర గీతంగా ప్రకటించిన నరేంద్రదేవ్ వర్మ రచన అర్పా పేరుతోనే మొదలవుతుంది. రాష్ట్రమంతటా ప్రభుత్వ కార్యక్రమాల వేళ వినిపించే ఆ పేరు వంతెన కింద కూడా నీరై పారాలన్నది నగరవాసుల ఆకాంక్ష.

సమీప దర్శనీయ స్థలాలు

నగరానికి ఉత్తరంగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో కలచురి రాజుల పూర్వపు రాజధాని రతన్‌పూర్ ఉంది. మహామాయా ఆలయం, లెక్కకు మించిన చెరువులు అక్కడి ప్రత్యేకత. ఆ సమీపంలోనే కొండల మధ్య ఖూటాఘాట్ జలాశయం ఉంది. మనియారీ నది ఒడ్డున తాలాగావ్‌లో దేవరానీ–జేఠానీ ఆలయాలు ఉన్నాయి. దేవరానీ అంటే తోడికోడళ్లలో చిన్నావిడ, జేఠానీ అంటే పెద్దావిడ. అక్కడ లభించిన రుద్రశివ శిల్పంలో శరీర భాగాలను పాము, బల్లి, నెమలి, పీత వంటి ప్రాణుల ఆకారాలతో మలచారు. భారతీయ శిల్పకళలో ఇటువంటి మూర్తి అపురూపం. మల్హార్‌లోని పురాతన ఆలయాలు, అచానక్‌మార్ పులుల అభయారణ్యం కూడా ఇక్కడి నుంచి చూసి రాదగినవే.

ఎప్పుడు, ఎలా వెళ్లాలి?

నదిలో నీరు చూడాలంటే ఆగస్టు నుంచి అక్టోబరు వరకు అనుకూలం. సుఖంగా నడవాలంటే అక్టోబరు మధ్య నుంచి ఫిబ్రవరి వరకు మేలు. ఈ రెండూ కలిసి వచ్చేది అక్టోబరులోనే. ఏప్రిల్, మే నెలలలో ఎండలు తీవ్రంగా ఉంటాయి కనుక సూర్యోదయానికి ముందే నడక ప్రారంభించాలి.

విశాఖపట్నం నుంచి కోర్బా వెళ్లే ఎక్స్‌ప్రెస్, తిరుపతి నుంచి విజయవాడ, విశాఖ మీదుగా నడిచే తిరుపతి–బిలాస్‌పూర్ ఎక్స్‌ప్రెస్ తెలుగువారికి నేరుగా అందుబాటులో ఉన్నాయి. విశాఖ నుంచి ఇది ఒక రాత్రి ప్రయాణం. విమానంలో వచ్చేవారు రాయ్‌పూర్‌లో దిగి రైలులో గానీ రోడ్డు మార్గంలో గానీ చేరుకోవచ్చు. హిందీ, ఛత్తీస్‌గఢీ ఇక్కడ వాడుక భాషలు.

సమయం ఒక్కరోజే ఉంటే ఉదయం రైల్వే కాలనీలు, బుధవారీ బజార్ చూసి, మధ్యాహ్నం ఎండ తగ్గాక గోల్ బజార్ మీదుగా శనిచరీకి నడవాలి. పచరీఘాట్ చూసుకొని, సూర్యాస్తమయానికి చప్టా మీదుగా గానీ ఇందిరా సేతు మీదుగా గానీ ఆవలి గట్టు చేరుకోవచ్చు. తిరుగు ప్రయాణానికి సర్కండా నుంచి స్టేషన్‌కు ఆటోలు లభిస్తాయి.